రెండు వందల రూపాయల మల్టీమీటర్‌ని నమ్మాలంటే ముందు దాని బ్యాటరీ చూడండి

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల ఎలక్ట్రికల్ షాపుల్లో గానీ, నర్సంపేట, పరకాల, జమ్మికుంట లాంటి చోట్ల గానీ వోల్టేజీ, రెసిస్టెన్స్ లాంటివి కొలిచే మల్టీమీటర్ కావాలంటే ముందు చేతిలో పెట్టేది అదే. పసుపో నలుపో రంగులో అరచేతిలో ఇమిడే డబ్బా, మీద డీటీ 830 అనో 830డీ అనో రాసి ఉంటుంది, ధర రెండు వందలకు అటూ ఇటూ. చాలామంది దాన్ని పిల్లల బొమ్మ అని తీసిపారేస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. ఇన్వర్టర్ బ్యాటరీ, బండి బ్యాటరీ, రిమోట్ సెల్లు, లోపల ఎక్కడో తెగిన వైరు, కాలిన ఫ్యూజు, పని చేయని చార్జర్, ఇవన్నీ చూసుకోవడానికి ఇంట్లో అది ఒక్కటి ఉంటే చాలు. కాకపోతే వాడేవాళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది ఒకటుంది, దాని లోపల కూర్చున్న 9 వోల్టుల బ్యాటరీ. అది నీరసపడగానే మీటర్ ఆగిపోతే గొడవే లేదు, మార్చేస్తాం. కానీ ఆగదు. తప్పు చెప్పడం మొదలుపెడుతుంది, అది కూడా తక్కువ కాదు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఎందుకంటే మీటర్ వెనక మూత తీస్తే బోర్డు మీద నల్లటి బొట్టు లాంటిది కనిపిస్తుంది, దాని కింద ఉన్నది 7106 రకం చిప్పు. బయటినుంచి వచ్చిన వోల్టేజీని ఈ చిప్పు తన లోపల తయారు చేసుకున్న ఒక స్థిరమైన వోల్టేజీతో పోల్చి అంకె చూపిస్తుంది. బ్యాటరీ 7 వోల్టుల పైన ఉన్నంతవరకు ఆ లోపలి వోల్టేజీ కదలదు. అంతకంటే కిందికి పడితే అది కూడా పడిపోతుంది, పోల్చే కొలతే చిన్నదైపోయింది కాబట్టి కొలిచేది పెద్దగా కనబడుతుంది. కొలిచే గజం బద్ద అరిగి పొట్టిదైతే అదే గుడ్డ ఎక్కువ గజాలు వచ్చినట్టు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఇన్వర్టర్ బ్యాటరీ నిజంగా 12.1 వోల్టుల దగ్గర ఉంది, అంటే సగం కూడా లేదు, మీటర్ మాత్రం 13 పైన చూపిస్తుంది, నిండుగా ఉందనుకుని వదిలేస్తారు, రాత్రి కరెంటు పోగానే కాసేపటికే ఇల్లంతా చీకటి. ఇంకో రకంగా కూడా జరుగుతుంది. బండి స్టార్ట్ చేసి బ్యాటరీ దగ్గర చూస్తే 13.5 నుంచి 14.5 వరకు రావాలి, అసలు వచ్చేది 14.2, మీటర్ 15.6 అంటుంది, ఓవర్ చార్జింగ్ అవుతోందని బాగున్న రెగ్యులేటర్ తీసి కొత్తది వేయిస్తారు. కొత్తది వేశాక కూడా అదే 15.6 వస్తుంది, అప్పుడు వైరింగ్ మీద పడతారు. మార్చాల్సింది ముప్పై నలభై రూపాయల బ్యాటరీ.

స్క్రీన్ మీద ఎడమ వైపు చిన్న బ్యాటరీ బొమ్మ గానీ బ్యాట్ అనే అక్షరాలు గానీ వస్తే ఆ క్షణం నుంచి ఏ అంకెనూ నమ్మకండి. కానీ మరీ చవక పీసుల్లో ఆ గుర్తు ఆలస్యంగా వస్తుంది, కొన్నింటిలో అసలు రాదు, కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. అంకెలు పాలిపోయినట్టు కనబడుతున్నాయంటే అప్పటికే చాలా ఆలస్యమైంది.

మరి బ్యాటరీ బాగుందో లేదో తెలిసేదెలా? ఒకటి గుర్తుంచుకోండి, రెసిస్టెన్స్ కొలిచి చూస్తే తెలియదు, ఎందుకంటే ఈ మీటర్లు రెసిస్టెన్స్‌ని, అంటే ఓమ్స్‌ని, లోపలి రెసిస్టర్‌తో పోల్చి చెబుతాయి, బ్యాటరీ తగ్గినా ఆ లెక్క పెద్దగా మారదు. తెలిసిన వోల్టేజీ ఒకటి కొలవాలి. అన్నిటికంటే సులువైనది పాత ఫోన్ చార్జర్. ఫోన్ వైపు పిన్ను పాడైన కేబుల్ ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా, రెండో చివర పాతకాలపు వెడల్పు యూఎస్‌బీ పిన్ను ఉన్నదే తీసుకోండి, ఫోన్ వైపు తెంపి, లోపల ఎరుపు నలుపు వైర్ల తోలు కొంచెం వలిచి, రెండూ తగలకుండా విడివిడిగా ఒక అట్టముక్కకి టేప్ వేసి పెట్టుకోండి. మిగతా వైర్లు కత్తిరించి టేప్ చుట్టేయండి. దాన్ని చార్జర్‌కి పెట్టి డయల్ మీద 20 వోల్టుల దాకా కొలిచే డీసీ 20 రేంజ్‌లో చూస్తే 4.9 నుంచి 5.2 మధ్య రావాలి. ఫాస్ట్ చార్జర్ అయినా పర్వాలేదు, అవతల ఫోన్ లేదు కాబట్టి అది 5 వోల్టులే ఇస్తుంది. మీ మీటర్ 5.5, 5.6 అంటోందంటే చార్జర్‌ని అనుమానించే ముందు మీటర్ బ్యాటరీ మార్చి మళ్లీ చూడండి. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్ (ఏఏ) కూడా ఈ పనికి వస్తుంది, 1.55 నుంచి 1.6 చూపించాలి, 1.7 దాటితే తేడా ఉన్నట్టే. ముఖ్యమైన కొలత ఏది తీసుకోబోయినా ముందు ఈ పని చేయండి, అర నిమిషం పట్టదు.

మీటర్ లోపలి బ్యాటరీని అదే మీటర్‌తో కొలుద్దామని కొందరు చూస్తారు, అది కుదరదు. ఆ బ్యాటరీ మీదే సర్క్యూట్ నడుస్తోంది కాబట్టి వచ్చే అంకెకు అర్థం ఉండదు. పక్కింటివాళ్ల మీటరో షాపులో మీటరో అడగండి. కొత్త బ్యాటరీ 9 పైన, కొన్ని 9.5 దాకా చూపిస్తాయి. 7.5కి దిగిందంటే ఇక ఆలోచించకుండా మార్చేయడమే.

ఇక ఎంతకాలం వస్తుంది అనే లెక్క. ఇలాంటి మీటర్ ఆన్‌లో ఉంటే సుమారు 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మీటర్‌తో పాటు డబ్బాలో వచ్చే బ్యాటరీ జింక్ కార్బన్ రకం, మీద 6ఎఫ్22 అని ఉంటుంది, ఇంత తక్కువ లోడు మీద అది 300 నుంచి 400 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుందనుకోవచ్చు. ఆల్కలైన్ అయితే 6ఎల్ఆర్61 అని ఉంటుంది, 500 పైనే ఇస్తుంది. అంటే మీటర్ ఆఫ్ చేయడం మర్చిపోయి పెట్టెలో పడేస్తే జింక్ కార్బన్ పది రోజులు అటూ ఇటూగా, ఆల్కలైన్ రెండు మూడు వారాల్లో ఖాళీ. అదే రోజుకు పది నిమిషాలు మాత్రమే వాడి బుద్ధిగా ఆఫ్ చేస్తే లెక్క ప్రకారం జింక్ కార్బనే మూడు నాలుగేళ్లు రావాలి, అంతకంటే ముందే దాని వయసు అయిపోతుంది. ఒక్క రాత్రి మర్చిపోతే కొంపేం మునగదు, నాలుగైదు శాతం పోతుంది. కొలిచే వైర్లు పీకేసి డయల్ అలాగే వదిలేయడం, అదీ అసలు సమస్య. వైర్లు పీకితే ఆగిపోతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆగదు, డయల్ ఆఫ్ గుర్తు మీదికి రావాల్సిందే. వైరు తెగిందో లేదో చూసే బజర్ మోగించినా కొంచెం ఎక్కువ లాగుతుంది గానీ అది లెక్కలోకి రాదు, బ్యాక్‌లైట్ ఉన్న మోడల్ అయితే మాత్రం జాగ్రత్త, లైటు ఒక్కటే మీటర్ మొత్తం తాగేదానికి ఎన్నో రెట్లు తాగుతుంది. కొంచెం ఖరీదైన వాటిలో పావుగంట ముట్టుకోకపోతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఐదారు వందలు ఎక్కువైనా ఆ ఒక్క సౌకర్యం కోసం పెట్టొచ్చు, మర్చిపోయే అలవాటు ఉన్నవాళ్లయితే తప్పకుండా.

ఏ బ్యాటరీ కొనాలి అంటే, ఆల్కలైన్. ధర నాలుగైదు రెట్లు ఉంటుంది, అయినా అదే. ఎక్కువ రోజులు వస్తుందని మాత్రమే కాదు, జింక్ కార్బన్ బ్యాటరీలో జింకు పొరే కరుగుతూ పని చేస్తుంది, చివరికి పలచబడి కారుతుంది, తెల్లగా పచ్చగా పొక్కులు కట్టి బోర్డునే తినేస్తుంది. ఆల్కలైన్ కూడా కారదని కాదు, ఖాళీ అయ్యాక నెలల తరబడి లోపలే ఉంచితే అదీ కారుతుంది, కానీ వాడకంలో ఉన్నంతవరకు నయం. రీచార్జబుల్ పెట్టొచ్చా అని అడుగుతుంటారు. నికెల్ రకంలో కొన్ని అసలు 7.2 వోల్టులవే, పెట్టిన కాసేపటికే బ్యాటరీ గుర్తు వచ్చేస్తుంది. 8.4 వోల్టులదైతే నడుస్తుంది. యూఎస్‌బీతో చార్జ్ చేసే లిథియం 9 వోల్టుల బ్యాటరీలు ఇప్పుడు వస్తున్నాయి, వాటిలో చాలావాటి లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉంటుంది, మీటర్ ఆఫ్‌లో ఉన్నా అది కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది, పైగా కొన్ని పీసుల్లో ఆ సర్క్యూట్ గోల వల్ల చివరి అంకె నిలకడగా ఉండదు. నెలకోసారి తీసే మీటర్‌కి అవి వద్దు.

బ్యాటరీ మార్చేటప్పుడు ముందు రెండు వైర్లూ మీటర్ నుంచి పీకేయండి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. వెనక రెండు స్క్రూలు తీస్తే మూత వస్తుంది. బ్యాటరీకి తగిలించిన క్లిప్పు చూడండి, రెండు గుండీలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, వెనక నుంచి ఎరుపు, నలుపు సన్నటి వైర్లు బోర్డులోకి పోతుంటాయి. లాగాల్సింది క్లిప్పుని, వైర్లను కాదు, అవి వెంట్రుకంత తీగతో అతికించి ఉంటాయి, రెండు మూడుసార్లు లాగితే టంకం దగ్గర ఊడిపోతాయి. మీటర్ ఊపినప్పుడు స్క్రీన్ ఆరి వెలుగుతోందంటే కొత్త బ్యాటరీ కొనకముందు ఆ పెద్ద గుండీ రేకుల్ని కటింగ్ ప్లేయర్‌తో కొద్దిగా లోపలికి నొక్కండి, లూజు పోతుంది. కొత్తది తగిలించేటప్పుడు తిరగేసి ఒక్కసారి తాకించినా చిప్పు పోయే ప్రమాదం ఉంది, కాబట్టి చీకట్లో చేసే పని కాదు. పాతది కారి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, దూది పుల్లకి కొంచెం స్పిరిట్ అద్ది రుద్దండి. క్లిప్పు పచ్చబడి ఉంటే దాన్ని శుభ్రం చేసే పని పెట్టుకోవద్దు, పదో ఇరవయ్యో పెడితే కొత్త క్లిప్పు దొరుకుతుంది, రెండు టంకాలు వేస్తే అయిపోతుంది.

ఎండాకాలం మాట చెప్పకపోతే మన ప్రాంతంలో ఈ విషయం పూర్తి కాదు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు మామూలే, వరంగల్ కూడా పెద్ద తేడా ఏం లేదు. బండి సైడ్ డబ్బాలోనో కారు డ్యాష్‌బోర్డ్ మీదో ఆ ఎండలో మీటర్ ఉంటే స్క్రీన్ నల్లబడుతుంది, చల్లబడ్డాక చాలావరకు మామూలైపోతుంది గానీ బ్యాటరీ మాత్రం లోపల వాడకుండానే తగ్గిపోతుంది, కారడం కూడా త్వరగా మొదలవుతుంది. ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. రెండు మూడు నెలలు తీసే పని లేదనుకుంటే బ్యాటరీ విప్పి పక్కన పెట్టండి.

ఇప్పుడు వాడకం. మీటర్‌కి మూడు రంధ్రాలుంటాయి. నలుపు వైరు ఎప్పుడూ కామ్ (COM) అని రాసి ఉన్నదాంట్లోనే. ఎరుపు మధ్య దాంట్లో. 10ఏ అని రాసి ఉన్న మూడోదాన్ని మర్చిపోండి, చాలా పీసుల్లో దానికి ఫ్యూజ్ కూడా ఉండదు, ఎరుపు వైరు అందులో ఉంచి పొరపాటున బ్యాటరీకో ప్లగ్గుకో పెడితే నేరుగా షార్ట్ చేసినట్టే. కొన్న రోజే ఆ రంధ్రం మీద ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించేయండి.

ఇన్వర్టర్ లేదా బండి బ్యాటరీకి డయల్ డీసీ 20 మీద పెట్టాలి. చార్జింగ్ ఆపి, లోడు తీసేసి రెండు మూడు గంటలు ఆగాక చూస్తే 12.6, 12.7 వస్తే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 11.8 దగ్గరికొస్తే ఖాళీ. చిన్న సెల్లులూ ఇదే రేంజ్‌లో. కాకపోతే సెల్ ఊరికే కొలిస్తే 1.4 చూపించి, గడియారంలో వేయగానే పడిపోయేవి ఉంటాయి, అందుకే అది పని చేస్తున్న వస్తువులో ఉండగానే రెండు చివరలా ప్రోబ్స్, అంటే మీటర్ వైర్ల మొనలు, పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. స్క్రీన్ మీద ఎడమ పక్కన ఒక్క 1 మాత్రమే కనబడితే రేంజ్ దాటిపోయిందని అర్థం, పై రేంజ్‌కి పోవాలి. వైరు తెగిందా లేదా చూడాలంటే బజర్ గుర్తు, కొనేటప్పుడే ఆ గుర్తు డయల్ మీద ఉందో లేదో చూసుకోండి, కొన్ని మోడళ్లకు ఉండదు. బజర్ గానీ ఓమ్స్ గానీ పెట్టినప్పుడు ఆ వస్తువులో కరెంటు ఉండకూడదు, ప్లగ్గు తీయండి, ఫ్యాన్ కెపాసిటర్ లాంటిదైతే ముందు దాన్ని ఖాళీ చేయండి.

ఇంటి కరెంటు కొలవాలంటే ఏసీ 750 మాత్రమే, 200 రేంజ్ చాలదు. 220, 230, 240, ఇలా పూర్తి అంకెల్లో చూపిస్తుంది, పాయింట్లు రావు. ఇక్కడ ఒక్క మాట చాలా జాగ్రత్తగా వినండి. డయల్ పొరపాటున డీసీ 1000 మీద ఉండగా ప్లగ్గులో పెడితే స్క్రీన్ మీద సున్నా వస్తుంది. ఏసీ కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ మారుతుంది, డీసీ కొలత దాని సగటు తీసుకుంటుంది, సగటు సున్నా. కరెంటు లేదనుకుని చెయ్యి పెడితే అంతే. వైరు లోపల తెగినా సున్నానే, ప్రోబ్ సరిగా తగలకపోయినా సున్నానే. అందుకే కరెంటు లేదని తేల్చుకోవడానికి మీటర్ వాడితే మూడుసార్లు చూడాలి. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన ప్లగ్గులో పెట్టి అంకె వస్తోందని చూసుకోవాలి, తర్వాత పని చేయాల్సిన చోట, ఆ తర్వాత మళ్లీ తెలిసిన ప్లగ్గులో. మధ్యలో మీటర్ ఆగిపోలేదని ఆ మూడోసారే చెబుతుంది. దీన్ని ఎంత అనుభవం ఉన్న మేస్త్రీ అయినా వదలకూడదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ నుంచి వచ్చే కరెంటుని మాత్రం ఈ మీటర్లు సరిగా చూపలేవు, అక్కడ వచ్చే అంకె చూసి టెన్షన్ పడొద్దు.

చివరగా పొలం సంగతి. మన దగ్గర బోరు మోటార్లు ఎక్కువ త్రీఫేజ్‌వే, ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. డయల్ మీద 750 అని రాసి ఉంది కదా అని ఈ రెండు వందల మీటర్ తీసుకెళ్లి స్టార్టర్ డబ్బాలో పెట్టకండి. ఆ 750 అనేది చూపించగలిగే అంకె, మిమ్మల్ని కాపాడగలిగే అంకె కాదు. లోపల రాగి గీతల మధ్య దూరం తక్కువ, వైర్ల తోలు పలచన, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో షార్ట్ అయితే వచ్చే కరెంటుకి మీటర్ చేతిలోనే పేలిపోవచ్చు. స్టార్టర్ డబ్బా మీద వోల్ట్ మీటర్ ఉంటే అదే చూడండి. తడి మట్టిలో చెప్పులు లేకుండా నిలబడి డబ్బా తెరవడం మన ఊళ్లలో ఎంత మామూలో, ప్రతి వానాకాలం ఎంతమంది రైతుల ప్రాణాలు అలా పోతున్నాయో అందరికీ తెలుసు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది, అందుకని ఇది కరెంటు వచ్చే టైమ్ కాదులే అనే పాత లెక్కతో చెయ్యి పెట్టకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయినా లైన్ తెగినా 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా ఒక తడి ఆగితే పైరు ఎండిపోదు.

త్రీఫేజ్ దగ్గర రోజూ పని ఉన్నవాళ్లు, మోటార్ మెకానిక్‌లు, కొత్తగా ఐటీఐ పూర్తి చేసి పనిలోకి వచ్చిన పిల్లలు, ఇంకొంచెం పెట్టి పేరున్న కంపెనీ మీటర్ కొనండి. క్యాట్ 3, 600 వోల్టులు అనే మాట (మీటర్ ఎలాంటి లైన్ మీద భద్రంగా వాడొచ్చో చెప్పే గుర్తు) మీటర్ మీదా ఉండాలి, దాని వైర్ల మీద కూడా ఉండాలి, లోపల గాజు ఫ్యూజు కాకుండా తెల్లటి సెరామిక్ ఫ్యూజు ఉండాలి, షాపులోనే మూత తీయించి చూడండి, మొహమాటపడొద్దు. బ్యాటరీ ఏదో కూడా అప్పుడే చూసుకోండి. అలాంటి వాటిలో చాలావరకు రెండు పెన్సిల్ సెల్లు గానీ సన్న సెల్లు (ఏఏఏ) గానీ పడతాయి, సన్న సెల్ ఆల్కలైన్ అయితే దాదాపు 1000 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుంది, 9 వోల్టుల దానికంటే చవక, ఊళ్లో కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.